పిట్టల లిస్టుకు ఎర: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 2, శనివారం

పొద్దున్నే సార్ ఫోన్. "ఏమప్పా, మన లిస్టు ఎవరికన్నా అమ్మినావా?" అని నవ్వుతూనే అడిగాడు. ఆ నవ్వులో సగం నిజంగానే అడుగుతున్నట్టుంది.

సార్ అంటే జువాలజీ లెక్చరర్‌గా రిటైరై తిరుపతి బాలాజీ కాలనీలో ఉంటున్నాయన. శేషాచలం కొండల్లో పిట్టల్ని చూసేవాళ్లందరికీ కలిపి 2009లో ఒక మెయిలింగ్ లిస్టు పెట్టించాడు. పెట్టింది నేను. అప్పుడే వెబ్‌సైట్ల పని మొదలుపెట్టాను, ఖాళీగా ఉన్న సర్వర్‌లో మెయిలింగ్ లిస్టులు నడిపే మెయిల్‌మ్యాన్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చేశాను. పదహారేళ్లుగా అది అట్లాగే నడుస్తోంది. ఇప్పుడు 214 మంది సభ్యులు. కపిలతీర్థం దగ్గరో తలకోనలోనో ఎవరికైనా ఏదైనా కనబడితే ఒక మెయిల్ రాస్తారు, అది అందరికీ వెళ్తుంది, పాత మెయిల్స్ అన్నీ దాచే ఆర్కైవ్‌లో ఉండిపోతుంది. ఆర్కైవ్‌ను ఎవరైనా చదవొచ్చు. పసుపు గొంతు పికిలి ఏ ఏడాది ఏ నెలలో కనబడిందో వెతకడానికి యూనివర్సిటీ పిల్లలు ఇప్పటికీ దాన్నే తిరగేస్తారు.

సార్‌కు వారంలో మూడు మెయిల్స్ వచ్చాయట. ఒకటి ఎక్కడిదో జర్నల్: మీ విలువైన పరిశోధనా వ్యాసం పంపండి, వారంలో అచ్చేస్తాం, ఫీజు ఇంత. రెండోది మీ వెబ్‌సైట్‌ను గూగుల్ మొదటి పేజీలోకి తెస్తామని. సార్‌కు వెబ్‌సైటే లేదు. మూడోది భాకరాపేట వైపు ఫామ్ ప్లాట్లు, వాయిదాల మీద. దాని మొదటి లైను: "గౌరవనీయులైన పక్షి ప్రేమికులకు."

మొదటి రెండూ ఎవరికైనా వస్తాయి. ఈ మూడోదాన్ని పంపినవాడికి మాత్రం మేమెవరమో తెలుసు.

ఆగస్టు 3

ఆదివారం మధ్యాహ్నం లిస్టు సెట్టింగులు తెరిచి కూర్చున్నా. 2009 తర్వాత వీటిలో చాలావాటి జోలికి నేను పోనేలేదు. రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆర్కైవ్ పేజీలో మెయిల్‌మ్యాన్ అడ్రసులను కాస్త మరుగుపరుస్తుంది. మధ్యలో @ తీసేసి 'ఎట్' అనే ఇంగ్లిష్ మాట పెడుతుంది, అంతే. ఫైండ్-రీప్లేస్ తెలిసినవాళ్లెవరైనా దాన్ని వెనక్కి తిప్పేయొచ్చు. నేనే ఒక లైను స్క్రిప్టు రాసి చూశాను. కుర్చీ ముందుకు లాక్కునేలోపు 391 అడ్రసులు వచ్చి పడ్డాయి. సభ్యులు 214 మందే కదా అని చూస్తే, ఎప్పుడో వెళ్లిపోయినవాళ్లు, ఎవరో ఫార్వర్డ్ చేసిన మెయిల్‌లో ఇరుక్కున్న బయటివాళ్లు కూడా ఉన్నారు. ఈ 'ఎట్' అనేది తలుపు దగ్గరికి వేసి గొళ్లెం పెట్టకపోవడం లాంటిది.

అంతకంటే పెద్దది ఇంకోటి దొరికింది. పేజీ పైన "మొత్తం ముడి ఆర్కైవ్ దించుకోండి" అని ఒక లింకు ఉంది. అది ఉందన్న సంగతే మరిచిపోయా. ఆ ఫైల్లో 'ఎట్' కూడా లేదు, అడ్రసులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, మెయిల్ ఎవరినుంచి ఎటు తిరిగి వచ్చిందో చెప్పే హెడర్లతో సహా. పబ్లిక్ ఎంబాక్స్ అనే సెట్టింగును ఆన్ చేసింది నేనే, బహుశా బ్యాకప్‌కు సులువని.

సభ్యుల పేర్ల పేజీ సభ్యులకు మాత్రమే కనబడుతుంది. పర్వాలేదనిపించింది.

మెయిల్స్ చివర సంతకాలు చూస్తే మాత్రం టెన్షన్ పట్టుకుంది. పేరు, డోర్ నంబరు, వీధి, సెల్ నంబరు. ఒకాయన బ్లడ్ గ్రూపు కూడా రాసుకున్నాడు. సార్ ఈ లిస్టుకు మొదటిరోజే ఒక నియమం పెట్టాడు: గూడు ఎక్కడుందో రాయకూడదు. దేవాంగపిల్లి కనబడితే కొండ పేరు కూడా రాయనివ్వడు, ఎవరైనా రాస్తే ఫోన్ చేసి తిడతాడు. పదహారేళ్లలో ఒక్క గూటి జాడా బయటికి పోలేదు. పిట్టల్ని చూడ్డానికి పోయినవాళ్ల ఇళ్ల జాడలు మాత్రం అన్నీ ఆ ఆర్కైవ్‌లోనే ఉన్నాయి.

ఆగస్టు 9

ఎవరు ఎక్కడినుంచి తీసుకుంటున్నారో తేలాలంటే ఎర వెయ్యాల్సిందే. కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లోనే 250 కొత్త అడ్రసులు సృష్టించి 175 చోట్ల పెట్టి ఎక్కడ పెట్టినదానికి స్పామ్ వస్తుందో చూసింది.

జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాటైనా చేర్చుకోవచ్చు, అయినా మెయిల్ మనకే వస్తుంది. మొదట అదే అనుకున్నా. కానీ ఆ ఉపాయం అందరికీ తెలుసు. అడ్రసులు పోగేసేవాడు ప్లస్ నుంచి @ వరకు చెరిపేస్తే ఎర కాస్తా పోతుంది. పైగా మన దగ్గర సగం ఫారాలు ప్లస్ చూడగానే "చెల్లని ఈమెయిల్" అంటాయి. అందుకే నా సొంత డొమైన్ వాడుకున్నా. దానికి క్యాచ్-ఆల్ పెడితే @ ముందు ఏం రాసినా ఒకే డబ్బాలో పడుతుంది.

ఒక్కో ఎరకు ఒక పిట్ట పేరు, వెనక కొన్ని అంకెలు. ఆర్కైవ్ వెబ్ పేజీకి 'పికిలి'. ముడి ఫైలుకు 'గద్ద'. సభ్యుల జాబితాకు 'గువ్వ': ఇది లిస్టులో చేరుతుంది కానీ ఎన్నడూ నోరు విప్పదు. ఎక్కడా రాయనిది 'గుడ్లగూబ'; దానికీ మెయిల్ వస్తే ఎవడో పేర్లు ఊహించి కొడుతున్నాడని అర్థం.

ఒక తిరకాసు ఉంది. పికిలితో లిస్టుకు మెయిల్ రాస్తే అది 214 ఇన్‌బాక్సులకు పోతుంది, అప్పుడు ఎక్కడ దొరికిందో తెలీదు. అందుకని పాత వెబ్ పేజీ ఒకటి తెరిచి నేనే చేత్తో చేర్చాను. గద్దను ముడి ఫైల్లో ఒక 2012 మెయిల్ హెడర్లలో దాచా. అది ఇంకెక్కడా కనబడదు.

ఇదంతా చూస్తూ ఉన్న మా ఆవిడ, "నెలనెలా అట్ట మీద ఒక కాగితం పెట్టి అందరి చేతా రాయిస్తారు కదా, దాని సంగతేంది?" అంది. నిజమే. పిట్టల్ని చూడ్డానికి పోయే ఆదివారం వాక్‌కు వచ్చినవాళ్లంతా పేరు, ఫోను, మెయిల్ రాస్తారు. దానికి ఐదో ఎర 'పిచ్చుక'.

ఆగస్టు 20

మొదట పడింది గద్ద. పదకొండు రోజులకు. "మీ వెబ్‌సైట్‌లో కొన్ని లోపాలు గమనించాం" అని ఎవరో ఎంతో బాధపడుతూ రాశారు.

ఎవరు ఎప్పుడు ఏం అడిగారో సర్వర్ రాసిపెట్టుకునే లాగ్ తీశా. ముడి ఫైలును 12వ తేదీ తెల్లవారుజామున ఎవరో పూర్తిగా దించుకున్నారు. మామూలు బ్రౌజర్‌నే అని చెప్పుకుంది కానీ ఒక్క బొమ్మ గానీ స్టైల్ ఫైలు గానీ అడగలేదు, నేరుగా వచ్చి ఫైలు పట్టుకుపోయింది. ఆ ఫోల్డర్‌లోకి రావొద్దని వెబ్ పేజీలు తిరగేసే ప్రోగ్రాముల కోసం పెట్టే రోబోట్స్ ఫైల్లో రాసే ఉంది. మర్యాదస్తులైన సెర్చ్ ఇంజిన్లు దాన్ని పాటిస్తాయి. మిగతావాటికి అది కుక్క లేని ఇంటికి "కుక్క ఉన్నది జాగ్రత్త" బోర్డు.

వెంటనే మూసేద్దామనిపించింది. ఇంకో నెల ఆగితే కానీ మిగతా ఎరల లెక్క తేలదని ఆగా. ఇప్పటికే పోయిన 391 అడ్రసులు ఎలాగూ వెనక్కి రావు.

ఆగస్టు 26

పికిలికి జర్నల్ మెయిల్. 'ఎట్' అడ్డం పెడితే పదిహేడు రోజులు, అడ్డం లేకపోతే పదకొండు. దాని విలువ ఆరు రోజులన్నమాట. ఒక్కో ఎరతో ఇట్లా లెక్కలు కట్టకూడదని తెలుసు, ఊరికే రాసుకున్నా.

సెప్టెంబర్ 6

గువ్వ.

ఎవరితోనూ మాట్లాడని, ఆర్కైవ్‌లో లేని, సభ్యుల పేజీలో మాత్రమే ఉన్న గువ్వకు మెయిల్ వచ్చింది. "గౌరవనీయులైన పక్షి ప్రేమికులకు." ఆ పేజీ చూడాలంటే సభ్యుడై లాగిన్ కావాలి. ఇన్నాళ్లూ నేను ఏదో రష్యా బాట్ అనుకుంటూ ఉన్నా.

మెయిల్ అసలు సోర్స్ తెరిచి చదివా. మెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో చెప్పే 'రిసీవ్డ్' లైన్లు కిందినుంచి పైకి చదవాలి, అన్నిటికంటే కిందిది మొదటి అడుగు. పేరున్న బల్క్ మెయిల్ సర్వీసు ఒకదాని నుంచి బయల్దేరింది. పంపినవాడి డొమైన్‌ను సరిచూసే మూడు పరీక్షలూ గట్టెక్కింది: ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్. ఈ మూడూ చెప్పేది ఒకటే: ఆ డొమైన్ పేరుతో వచ్చింది నిజంగా ఆ డొమైన్ తరఫునే వచ్చింది అని. మాకు పంపమని మేం చెప్పామా లేదా అన్నదాంతో వాటికి పనిలేదు. చాలామంది "పాస్" చూసి మంచి మెయిల్ అనుకుంటారు.

లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్ హెడర్ కూడా పద్ధతిగా ఉంది, ఒక్క నొక్కుతో తప్పుకునే రకం. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8058 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చిన పద్ధతి ఇది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5,000కు పైగా మెయిల్స్ పంపే మార్కెటింగ్ వాళ్లకు గూగుల్ దీన్ని తప్పనిసరి చేసింది, యాహూ కూడా ఇలాంటి నియమమే పెట్టింది. ప్లాట్లాయన అంత పెద్ద చేప కాదు, కానీ సర్వీసు వాళ్లు అందరికీ కలిపే పెట్టేస్తున్నట్టుంది. అందుకే ఇందులో అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే పని చేస్తుంది. గద్దకు వచ్చినలాంటి దాంట్లో నొక్కితే మాత్రం "ఈ అడ్రసులో మనిషి ఉన్నాడు" అని మనమే చెప్పినట్టు.

అన్నిటికంటే అడుగున ఒక బొమ్మ: ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు. దాని లింకులో పొడుగాటి నంబరు, ఒక్కో మనిషికి ఒక్కోటి. మెయిల్ తెరిచి బొమ్మలు లోడ్ అయితే ఎవరు తెరిచారో, ఎప్పుడు తెరిచారో అవతలికి తెలిసిపోతుంది. జీమెయిల్ 2013 చివరినుంచి బొమ్మల్ని తన సర్వర్ల ద్వారా తెచ్చి చూపిస్తోంది కాబట్టి మన ఐపీ అడ్రసు వాళ్లకు తెలీదు, తెరిచిన సంగతి మాత్రం తెలుస్తుంది. సార్ ఆ ప్లాట్ల మెయిల్‌ను నాకు చూపించడానికి నాలుగుసార్లు తెరిచాడు. అవతల ఏ డ్యాష్‌బోర్డులోనో ఆయన పేరు పక్కన "ఆసక్తి ఎక్కువ" అని పడి ఉంటుంది.

సెప్టెంబర్ 13

సభ్యుల పేజీ అందరికీ ఒకేలా కనబడుతుంది కాబట్టి ఎవరు కాపీ కొట్టారో అందులో తేలదు. లాగ్‌లు వెతకడం మొదలుపెట్టి, సగంలో ఆగి, మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబరుకే ఫోన్ చేశా. ఈ పని ఆగస్టు 2నే చేసి ఉండాల్సింది.

గొంతు వినగానే తెలిసిపోయింది. వాక్‌లకు వచ్చేటప్పుడు అందరికీ ఇడ్లీ పొట్లాలు తెచ్చే అన్న. మూడేళ్లుగా మాతో తిరుగుతున్నాడు.

"అన్నా నువ్వా! ప్లాటు చూస్తావా ఏంది?"

"ప్లాటు సంగతి తర్వాత. మా అడ్రసులు నీకెక్కడివి?"

"మన లిస్టువే కదన్నా. పేర్ల పేజీ ఉంది కదా, కాపీ కొట్టి ఎక్సెల్‌లో వేసుకున్నా." దాపరికమేమీ లేదు. "అందరికీ కనబడేదే కదా. నేనేమన్నా పాస్‌వర్డు పగలగొట్టినానా? మనోళ్లకు రేటు తగ్గించి ఇద్దామనే పంపినా."

ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. కాసేపటికి, "గూడు కూడా కంటికి కనబడేదే కదన్నా. చూస్తావు, ఫొటో తీస్తావు. ఎక్కడుందో లిస్టులో రాస్తావా?" అన్నా.

అవతల మాట లేదు. "అది వేరేలే అన్నా," అన్నాడు చివరికి. ఇంకాసేపు ఆగి, "సార్‌కు కోపమొచ్చిందా?"

మనిషి మంచివాడే. ఆ సాయంత్రమే ఎక్సెల్ ఫైలు తీసేసి, బల్క్ సర్వీసులో కూడా మా పేర్లు తీసేయించి స్క్రీన్‌షాట్ పంపాడు. దాని కింద ఇంకో మెసేజ్: ఫైలును అప్పటికే ఇద్దరు పార్ట్‌నర్లకు పంపి ఉన్నాడట.

సెప్టెంబర్ 14

"అందరికీ కనబడేదే కదా" అని ప్లాట్లన్న చెప్పిన మాట తలలో తిరుగుతూనే ఉంది. ఈ రకం మెయిళ్లలో మొట్టమొదటిదిగా చెప్పే మెయిల్ కూడా ఇట్లాగే పుట్టింది. 1978 మే నెలలో గ్యారీ థ్యూర్క్ అనే కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ మనిషి, ఇంటర్నెట్‌కు ముందరి నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌లో దాదాపు నాలుగు వందల మందికి కొత్త మెషీన్ల ప్రదర్శనకు రమ్మని పంపాడు. అడ్రసులు అచ్చయిన ఆర్పానెట్ డైరెక్టరీ నుంచి తీసుకున్నవే, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వేసుకున్న పుస్తకం నుంచి. వాటిని ఒక్కొక్కటే టైపు చేశారు. అన్ని అడ్రసులు పైన పట్టక మెయిల్ లోపలికి పొంగిపోయాయట.

మన చట్టం ఏమంటుందో చదివా. ఫోన్ కాల్స్, ఎస్‌ఎంఎస్‌లకైతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలున్నాయి, వద్దని చెప్పుకోవడానికి 1909 నంబరు ఉంది. మెయిల్‌కు అట్లాంటిది లేదు. ఐటీ చట్టం 66ఏలో విసిగించే మెయిళ్ల గురించి ఒక ముక్క ఉండేది కానీ, భావప్రకటనా స్వేచ్ఛ మీద 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్నే కొట్టేసింది. అది పోవడమే మంచిదైంది, దాంతో జనాన్ని జైల్లో వేశారు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మాకు తగిలేది మూడో సెక్షన్. తన సమాచారాన్ని తానే బహిరంగం చేసుకుంటే దానికి ఈ చట్టం వర్తించదు. అంటే ఆర్కైవ్‌లో సొంతంగా సంతకం కింద సెల్ నంబరు రాసుకున్నవాళ్ల గతి అంతే. పికిలి, గద్ద ఆ లెక్కలోకే వస్తాయి. గువ్వ రాదు, అది సభ్యుల మధ్య ఉన్నది. ఏదేమైనా ఆ చట్టానికి రూల్స్ ఇంకా రాలేదు, అది పెట్టిన బాధ్యతలు అమల్లోకీ రాలేదు.

సెప్టెంబర్ 28

గరుడ సేవ. ఊరంతా జనం, బైరాగిపట్టెడ నుంచి బయటికి పోయే పని పెట్టుకోలేదు. ఇంట్లోనే కూర్చుని లిస్టు పని.

సభ్యుల పేజీ ఇక అడ్మిన్‌కు మాత్రమే. ముడి ఫైలు బంద్. ఈ రెండూ ఐదు నిమిషాల పని. ఆర్కైవ్‌ను కూడా మూసేద్దామని సార్‌కు ఫోన్ చేస్తే ఒప్పుకోలేదు. "పిల్లలు చదువుకునేది దాన్నే కదప్పా. పిట్ట కనబడిన తేదీ దాచడానికా మనం లిస్టు పెట్టింది?" ఆయన చెప్పింది సబబే. ఆర్కైవ్ తెరిచే ఉంటుంది, అందులోంచి అడ్రసులు, ఫోన్ నంబర్లు తీసేస్తాను.

అక్టోబర్ 5

తీసేశాను. అనుకున్నంత సాఫీగా కాలేదు.

పని ఇట్లా: మూల మెయిల్ ఫైలుకు కాపీ తీసుకోవాలి, స్క్రిప్టుతో @ ఉన్న మాటలన్నీ, పది అంకెల నంబర్లన్నీ "తొలగించాం" అని మార్చాలి, ఆర్కైవ్‌ను మొదటినుంచి మళ్లీ కట్టించాలి. కట్టించాక చూస్తే 2011లో ఒక మెయిల్ రెండు ముక్కలై ఉంది, రెండో ముక్కకు పంపినవాడి పేరే లేదు. ఈ ఫైల్లో ప్రతి మెయిల్ 'ఫ్రమ్' అనే మాటతో మొదలవుతుంది. పాపం ఆ సభ్యుడు ఇంగ్లిష్‌లో రాస్తూ ఒక లైనును "ఫ్రమ్ తలకోన" అని మొదలుపెట్టాడు. కంప్యూటర్ అక్కడ కొత్త మెయిల్ మొదలైందనుకుంది. దాంతో తర్వాతి మెయిళ్ల నంబర్లన్నీ ఒకటి జరిగి, పాత లింకులన్నీ తప్పు పేజీలకు పోతున్నాయి. దీనికి మెయిల్‌మ్యాన్‌తోనే క్లీన్‌ఆర్క్ అని ఒక పనిముట్టు వస్తుంది. ముందు దాన్ని నడిపి తర్వాత కట్టించాలి. పదహారేళ్లకు ఇవాళ తెలిసింది.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. పిట్టల వాళ్లు చోటు రాసేటప్పుడు "పికిలి@తలకోన", "గుడ్లగూబ@కపిలతీర్థం" అని రాస్తారు. నా స్క్రిప్టు అవన్నీ మెయిల్ అడ్రసులే అనుకుని మింగేసింది. ఏ పిట్ట ఎక్కడ కనబడిందో మొత్తం మాయం. సార్ చూసి, "ఇంత కట్టుదిట్టంగా నేను కూడా దాచలేదప్పా," అన్నాడు. కాపీ ఉంది కాబట్టి సరిపోయింది. @ తర్వాత చుక్క ఉంటేనే తీసెయ్యమని రాసి, రాత్రి మళ్లీ కట్టించా.

దీంతో అంతా దాగిపోలేదు. లిస్టుకు రాసిన ప్రతి మెయిల్ అడ్రసుతో సహా 214 ఇన్‌బాక్సుల్లో ఉంటుంది, దాన్ని నేను చెరపలేను. పంపినవాళ్ల పేర్లు పూర్తిగా దాచే సెట్టింగు ఉంది కానీ, ఎవరు చూశారో తెలియకపోతే పిట్ట చూసిన మాటకు విలువేముంటుంది. అందుకే ప్రతి మెయిల్ అడుగున ఒక లైను చేర్చా: ఇక్కడి అడ్రసులు పిట్టల కబుర్లకే, వ్యాపారానికి వాడాలంటే ముందు ఆ మనిషిని అడగండి.

నవంబర్ 16

డేటా చట్టం రూల్స్ మొన్న గెజిట్‌లో వచ్చాయి. ఆ చట్టం కింద పెట్టే డేటా రక్షణ బోర్డుకు సంబంధించినవి వెంటనే, అసలు బాధ్యతలు మాత్రం 18 నెలల తర్వాత. సార్ పేపర్ కటింగ్ ఫొటో పంపాడు.

ఎరల పరిస్థితి: గద్దకు ఇప్పటికి 63. తలుపు మూసినా ఆగదు, దాని పేరు చేతులు మారుతూ పోతోంది. పికిలికి 9. గువ్వకు నిన్న ఒక ఇంటీరియర్ డిజైన్ వాళ్లు రాశారు, ఆ ఇద్దరు పార్ట్‌నర్లలో ఒకరి పుణ్యం. గుడ్లగూబకు సున్నా. సెప్టెంబర్ 28 తర్వాత పెట్టిన కొత్త ఎరకూ సున్నా.

పిచ్చుకకు కూడా సున్నా. ఆ కాగితాలన్నీ సార్ ఇంట్లో ఒక ఫైల్లో ఉన్నాయి. ఎవరూ ఎక్కించలేదు. తెరిచి చూస్తే నా చేతిరాత నాకే అర్థం కాలేదు.

నవంబర్ 23, ఆదివారం

రాత్రంతా వాన. కపిలతీర్థం జలపాతం నిండుగా దూకుతోంది. వాక్‌కు పదకొండు మంది వచ్చాం. ప్లాట్లన్న కూడా వచ్చాడు, ఇడ్లీ పొట్లాలతోనే. సార్ ఏమీ అనలేదు, రెండు పొట్లాలు తీసుకున్నాడు.

అట్ట మీద కాగితం తిప్పాను. పేరు, ఫోను, మెయిల్. అన్న పేరు రాసి, పెన్ను ఎత్తి పట్టుకుని నా వైపు చూశాడు.

"ఇంకా ఈ మెయిల్ గడి ఎందుకన్నా? ఎవరికి ఇచ్చేదానికి?"

అట్ట తీసుకుని ఆ గడి మొత్తం పైనుంచి కిందికి కొట్టేశాను. ఫోను గడి సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.